మంత్రవలయములో స్త్రీ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ బడిపిల్లలు విజ్ఞానయాత్రగా మూసీ ఒడ్డునగల సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోయినప్పుడు తప్పక ఆగి చూచు దారుశిల్పమొకటి కలదు. ఒకే మ్రానులో మలచిన ఆ పందొమ్మిదవ శతాబ్దపు శిల్పమునకు ముందువైపు గర్వముతో నిలిచిన మెఫిస్టాఫిలీస్ అను పిశాచము; వెనుకనున్న అద్దములో తలవంచిన మార్గరెట్టా. జర్మన్ మహాకవి గేటే రచించిన ‘ఫౌస్ట్’ నాటకములోని పాత్రలివి. అక్కడ మాయ పురుషరూపుడైన పిశాచానిది. దాని ఫలము ననుభవించినది స్త్రీ.

ఆ శతాబ్దముననే, విక్టోరియా రాణి కాలమున, ఇంగ్లండులో జాన్ విలియం వాటర్‌హౌస్ వేరొక స్త్రీని చిత్రించెను. 1886లో ప్రదర్శితమైన ‘మంత్రవలయము’ అను ఆ చిత్రము నేడు లండన్ టేట్ చిత్రశాలలో ఉన్నది. అందులో ఆమె ఒంటరిగా నిలిచి, ఒక చేత కొడవలి పట్టి, మరొక చేతి దండముతో తనచుట్టు నేలపై వలయము గీయుచున్నది. ఎదుట పొగలు గ్రక్కు కాగు. కాకులు వలయమునకు వెలుపలనే నిలిచిపోయినవి. ఆమె ఎవరినీ వేడుకొనదు, ఎవరికినీ వెరవదు.

మంత్రగత్తె అను నేరమునకు మరణశిక్ష విధించు పాత చట్టములను బ్రిటిషు పార్లమెంటు 1735లోనే రద్దుచేసినది. చట్టము భయమును తొలగించిన పిదపనే కుంచె ఆమెలోని ఠీవిని చూడగలిగినదేమో!

మన పల్లెలలో బాణామతి, చేతబడి అను నిందపై స్త్రీలను హింసించుట నేటికిని వార్తలకెక్కుచునే ఉన్నది. వారిలో పలువురు వితంతువులు, వృద్ధులు, అండలేనివారు. చిత్రములోని స్త్రీ తన వలయమును తానే గీసికొన్నది. వీరి చుట్టు గీసినది ఊరివారి భయము. ఈ భేదమును తెలిసిన విద్యార్థి రేపు తన ఊరిలో అట్టి నింద వినబడినప్పుడు, ఆ వలయమును దాటి ఆమె పక్షమున నిలువగలడు.