వార్తల్లో పదం: ౘ, ౙ
బోర్డుల మీద చుక్కకూ చిలుకకూ ఒకటే చ. పలుకు మాత్రం వేరు. చుక్కలోది పళ్లను తాకే దంత్యం. జున్నులో జ కూడా అంతే. పాత నిఘంటువులు వీటి నెత్తిన ౨ వంటి గుర్తు పెట్టి ౘ, ౙ అని చూపేవి.

2008 ఏప్రిల్‌లో యూనికోడ్ 5.1 ఈ రెండింటికీ స్థానమిచ్చింది. జర్మన్ 'ఎస్‌జెట్' (ß) పెద్దక్షరం చేరిందీ అందులోనే. జర్మన్‌లో ఏ మాటా ఆ అక్షరంతో మొదలవదు కాబట్టి దానికి పెద్ద రూపం లేకుండానే గడిచింది. పేర్లను పూర్తిగా పెద్దక్షరాల్లో రాసేటప్పుడే చిక్కు. ఆ పెద్ద రూపాన్ని జర్మన్ వర్ణక్రమ మండలి 2017లో ఆమోదించింది.

మన ౘ, ౙల గుర్తును గీయడమూ కష్టమే. తలకట్టు, గుడి ఉండే చోటే అదీ ఇమడాలి. చిన్న సైజులో అలుక్కుపోతుంది. అయినా తెలుగు నేర్పే పుస్తకాల ఫాంట్లలో ఈ రెండక్షరాలూ తప్పక ఉండాలి. పరభాషవారికి ఆ తేడా చెవికన్నా ముందు కంటికే అందుతుంది.