టెలిఫోను మీటలతో టెలివిజను ఆట

టెలివిజనులోని బొమ్మను ఇంట కూర్చున్న బాలుడు ఆడించగలడా? 1990లో డెన్మార్కు దేశపు టీవీ 2 ప్రసారములలో ఇది జరిగినది. బొమ్మ పేరు హ్యూగో. దానిని నడిపినవి టెలిఫోను మీటలు.

ఒక్కొక్క మీటకు రెండు నాదములు జంటగా పుట్టును. 5 నొక్కినచో సెకనుకు 770, 1336 కంపనములు గల నాదములు వెలువడును. స్టూడియోలోని యంత్రము జంటను గుర్తించి కంప్యూటరునకు తెలుపగా హ్యూగో కదలును. చక్రము త్రిప్పు పాత టెలిఫోనులకు ఈ నాదములు లేవు. పాపము, ఆ ఇండ్ల పిల్లలకు చూచుటే మిగిలినది.

నాడు ప్రసారము నేలపై గోపురము నుండి క్షణములో ఇల్లు చేరెడిది. నేడు కరీంనగరులోనో, ఆదిలాబాదులోనో డిష్ ఆంటెన్నా గల ఇంట ఈ ఆట సాగదు. ఉపగ్రహము 36,000 కిలోమీటర్ల ఎత్తున నున్నది. సంకేతము పైకి పోయి వచ్చుటకే పావు సెకను పట్టును; దృశ్యమును అంకెలుగా కుదించి మరల విప్పుటకు ఇంకను ఎక్కువ. ఎదురు రైలును చూచి మీట నొక్కుసరికి హ్యూగో దానిని ఢీకొనియే యుండును!