వార్తల్లో పదం: వైరస్ హోక్స్

సైబర్ భద్రత వార్తల్లో తరచూ కనిపించే మాట ‘వైరస్ హోక్స్’. లేని కంప్యూటర్ వైరస్ ఉందని భయపెట్టి, ‘తెలిసిన వాళ్లందరికీ పంపండి’ అని కోరే బూటకపు హెచ్చరిక ఇది. అసలు వైరస్ తన కాపీలను తానే చేసుకుంటుంది. హోక్స్‌కు ఆ పని చేసిపెట్టేది మనుషులే. ఆత్మీయులకు నష్టం జరగకూడదన్న ఆరాటమే దానికి ఇంధనం.

1994లో ‘గుడ్ టైమ్స్’ పేరుతో వచ్చే ఈమెయిల్ తెరిస్తే హార్డ్ డిస్క్ చెరిగిపోతుందని ప్రచారం సాగింది. అలాంటి వైరసే లేదు. 2002లో మరొకటి వచ్చింది: ‘మీ కంప్యూటర్‌లో ఎలుగుబంటి బొమ్మ గుర్తుగా ఉన్న ఫైలు వెతకండి. యాంటీవైరస్‌కు దొరకని వైరస్ అది, వెంటనే తీసేయండి’. వెతికితే బొమ్మ నిజంగానే కనిపించేది. చాలామంది నమ్మి తీసేశారు. నిజానికి అది విండోస్‌తో పాటు వచ్చే మామూలు ఫైలు. వైరస్ కాదు కాబట్టే యాంటీవైరస్ దాన్ని పట్టుకోలేదు.

ఇప్పుడు ఇలాంటి హోక్స్‌లే వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వీటితో విసిగినవారు అసలు హెచ్చరికనూ పట్టించుకోరు. అదే పెద్ద ప్రమాదం. తేదీ లేకపోవడం, పెద్ద సంస్థ పేరు వాడి ఆధారం చూపకపోవడం, అందరికీ పంపమని తొందరపెట్టడం హోక్స్ గుర్తులు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘సెర్ట్-ఇన్’ వెబ్‌సైట్‌లో అధికారిక హెచ్చరికలు ఉంటాయి. అక్కడ సరిచూసుకున్నాకే ఇతరులకు పంపాలి.