పద్మనాభం యుద్ధం

విశాఖపట్నం విహారయాత్రలో చూసిన పోర్టు ఓడల గురించి, ఉక్కు కర్మాగారం గురించి చాలామంది రాశారు. నేను పద్మనాభం గురించి రాస్తాను. అనంత పద్మనాభస్వామి కొండ మెట్లెక్కి అందరం ఆయాసపడుతుంటే సోషల్ మాస్టారు కింద పొలాలు చూపించి, "ఇక్కడే ఒక రాజు ప్రాణాలు వదిలాడర్రా" అన్నారు.

ఆయన విజయనగరం రాజు, రెండో విజయరామ గజపతిరాజు. అసలు ఇంగ్లీషువాళ్ళని పిలిచింది ఆ వంశమే. 1758లో ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్ళ నుంచి విశాఖపట్నం పట్టుకుని, కలకత్తాకి కబురుపెట్టి కంపెనీ సైన్యాన్ని రప్పించాడు. పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. పనైపోయింది గానీ వచ్చినవాళ్ళు మాత్రం వెళ్ళలేదు!

రోమ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. క్రీ.పూ. 508 ప్రాంతంలో, రోమన్లు తరిమేసిన టార్క్విన్ అనే రాజు ఎట్రుస్కన్ రాజు పోర్సెనాని సాయం అడిగాడు. ఆయన సైన్యంతో వచ్చి రోమ్‌ని ముట్టడించాడు. హొరేషియస్ ఒక్కడే వంతెన దగ్గర నిలబడి అడ్డుకున్నాడని లివీ రాశాడు. కానీ రోమ్ లొంగిపోయిందని టాసిటస్, ఇనుమును వ్యవసాయానికి తప్ప వాడకూడదని పోర్సెనా షరతు పెట్టాడని ప్లినీ రాశారు. అంటే కత్తులు చెయ్యకూడదన్నమాట.

కంపెనీ అడిగిందీ దాదాపు అదే. సైన్యం తగ్గించు, పేష్కష్ బాకీ కట్టు అంది. పేష్కష్ అంటే ఏటా కట్టే కప్పం. బాకీ సుమారు 8.5 లక్షల రూపాయలు. 1793 ఆగస్టులో విజయనగరం కోట స్వాధీనం చేసుకుని, నెలకి 1,200 రూపాయలిస్తాం, మచిలీపట్నం వెళ్ళి ఉండమన్నారు. రాజు బయలుదేరాడు గానీ విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమనున్న పద్మనాభం దగ్గర ఆగిపోయాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన మీదపడింది. గంట కూడా పట్టలేదు. రాజుతోపాటు సర్దార్లు చాలామంది చనిపోయారు.

నాకు ఇక్కడినుంచే కథ మరీ ముఖ్యమనిపించింది. రాజుగారి చిన్న కొడుకు నారాయణబాబు కొండల్లోకి వెళ్ళిపోతే, కొండ జమీందార్లు దాచి అతని పక్షాన నిలబడ్డారు. వాళ్ళ జమీల్ని అంతకుముందు లాక్కున్నది విజయనగరం వాళ్ళే సుమా! అయినా పిల్లవాణ్ణి అప్పగించలేదు. చివరికి కంపెనీయే రాజీకి దిగింది. ఏటా 6 లక్షల పేష్కష్‌కి ఒప్పించి నారాయణబాబుకి జమీ ఇచ్చింది. కొండ జమీలు మాత్రం విడదీసి ఆ పాత జమీందార్లకే ఇచ్చేసింది. విజయనగరం మళ్ళీ అంత బలపడకూడదని ఇలా చేశారని నేననుకుంటున్నాను.

మీ ఊళ్ళో తాతలెవరైనా నారాయణబాబు సంగతి చెప్పి ఉంటే నాకు చెప్పండి. వచ్చే నెల గోడపత్రికలో రాస్తాను.