పాపికొండల నడుమ నదీయాత్ర

హైదరాబాదులోని తార్నాక కూడలిలో నిలబడి చూస్తే నాలుగు దిక్కులా వాహనాల రద్దీయే కనిపిస్తుంది. ఒక దారి సికిందరాబాదుకు, ఒకటి లాలాపేటకు, మరొకటి హబ్సిగూడకు సాగిపోతాయి. నాలుగవ దారి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి తీసుకుపోతుంది. రాతిగుట్టల మధ్య వెలసిన ఈ ప్రాంగణానికీ, వందల కిలోమీటర్ల దూరాన గోదావరి ఒడ్డున ఉన్న అడవులకూ సంబంధమేమిటని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. ఆ అడవి మనుషుల జీవితాన్ని లోకానికి తెలిపిన పండితుడు ఈ ప్రాంగణంలో ఆచార్యుడిగా పనిచేశారు. అడవి జంతువులను వాటి ఆనవాళ్ల ద్వారా గుర్తించే విజ్ఞానం ఈ పరిసరాలలోనే రూపుదిద్దుకొన్నది. ఆ సంబంధాన్ని తెలుసుకోవాలంటే ముందుగా నది దారి పట్టాలి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైనది. 1939లో వియన్నా నగరానికి చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ హైదరాబాదు వచ్చారు. అదే ఏడాది రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనది. శత్రుదేశపు పౌరుడైనందువల్ల ఆయన హైదరాబాదు రాజ్యం దాటి వెళ్లే వీలు లేకపోయినది. ఆ నిర్బంధాన్నే ఆయన అవకాశంగా మలచుకొన్నారు. 1940లో నల్లమల చెంచులను, 1941లో గోదావరి తీరపు కొండరెడ్లను దగ్గరగా చూసి అధ్యయనం చేశారు. కొండరెడ్లపై ఆయన రాసిన గ్రంథం 1945లో వెలువడినది. ఆ తరువాత నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడిగా పనిచేశారు. కలప వ్యాపారుల వద్ద అప్పులపాలై కొండరెడ్లు ఏ విధంగా శ్రమదోపిడికి గురి అవుతున్నదీ ఆయన రచనల వల్ల పాలకుల దృష్టికి వచ్చినది.

ఆ గ్రంథం పేరులో ఆయన ఈ కొండలను ‘బైసన్ కొండలు’ అన్నారు. నిజానికి బైసన్ అమెరికా, ఐరోపా ఖండాల జంతువు. మన అడవులలో తిరిగేది అడవిదున్న. ఆంగ్లేయులు దానిని బైసన్ అని పిలవడం వల్ల ఆ పేరు వ్యాప్తిలోకి వచ్చినది.

మహారాష్ట్రలోని త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. భద్రాచలం దాటిన తరువాత కూనవరం వద్ద శబరి నది దానిలో కలుస్తుంది. అక్కడినుంచి తూర్పు కనుమలు ఇరువైపులా దగ్గరకు జరుగుతాయి. అంతవరకు విశాలంగా పారిన నది ఇరుకైన లోయలోకి ప్రవేశిస్తుంది. అవే పాపికొండలు. ఈ అడవి 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటితమైనది. దీని వైశాల్యం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు.

పడవలో రోజుల తరబడి సాగే వన్యప్రాణి యాత్ర అనగానే అమెజాన్ అడవులు గుర్తుకు వస్తాయి. అక్కడ ఏడాది పొడవునా వానలు కురుస్తాయి. చెట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి. అటువంటి దానిని వర్షారణ్యం అంటారు. పాపికొండల అడవి పూర్తిగా ఆ కోవకు చెందినది కాదు. ఇక్కడ వానలు ప్రధానంగా జూన్ నుంచి అక్టోబరు వరకే పడతాయి. మద్ది, వేగిస, ఇప్ప, వెదురు పెరిగే ఈ అడవిలో చాలా చెట్లు ఎండకాలం రాకముందే ఆకులు రాలుస్తాయి. కనుక దీనిని తేమతో కూడిన ఆకురాల్చే అడవి అంటారు. తేమ నిలిచే వాగుల వెంట మాత్రం పచ్చదనం తగ్గదు. ఈ భేదం పుస్తకాలకే పరిమితమైనది కాదు. ఆకులు రాలినప్పుడు అడవి లోపలికి చూపు సాగుతుంది. కొండలపై వాగులు ఎండిపోయినప్పుడు జంతువులు నీటికోసం నది ఒడ్డుకు దిగివస్తాయి. పరిశీలకునికి అదే అనువైన కాలం.

ఈ అడవిలో అడవిదున్న, కణుజు, దుప్పి, చిరుత, ఎలుగుబంటి, బెట్టుడుత, మూషిక జింక వంటి జంతువులు ఉన్నాయి. నీటి అంచున లకుముకి పిట్టలు, నీటికాకులు కనిపిస్తాయి. ఎత్తయిన చెట్లపై పెద్దముక్కు గల హార్న్‌బిల్ పక్షులు వాలుతాయి. ఈ పక్షి పండ్లు తిని గింజలను దూరంగా జారవిడుస్తుంది. ఆ విధంగా అడవికి విత్తనాలు నాటే పని అది చేస్తుంది.

వీటిని లెక్కించడానికి ఒక పద్ధతి ఉన్నది. పడవను ఒకే వేగంతో, ఒడ్డుకు సమదూరంలో నెమ్మదిగా నడుపుతారు. ఇరుపక్కలా పరిశీలకులు కూర్చుని, కనిపించిన ప్రాణి పేరు, సంఖ్య, వేళ, దూరం రాసుకొంటారు. తెల్లవారుజామున, సాయంకాలాన ఈ పని సాగుతుంది. రాత్రి ఒడ్డున బస చేసి, మరునాడు అదే దారిలో మళ్లీ లెక్కిస్తారు. ఒకనాడు కనిపించని ప్రాణి అక్కడ లేదని చెప్పలేము కదా! అందువల్లనే ఈ యాత్ర ఒక్కరోజుతో ముగియదు. పాటల హోరుతో సాగే విహార లాంచీలో వెళ్లినవారికి అడవి నిర్జనంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఆ హోరు వినగానే ప్రాణులు తప్పుకొంటాయి.

కంటికి చిక్కని జంతువు కూడా తన గుర్తును వదిలిపోతుంది. ఇసుకపై అడుగుజాడ, ముళ్లకు చిక్కిన వెంట్రుక, ఎండిన పెంటిక దాని ఉనికిని తెలుపుతాయి. ఇక్కడే యాత్ర మళ్లీ తార్నాక పరిసరాలకు చేరుకొంటుంది. 1977లో ఏర్పడిన సీసీఎంబీ, అంటే కణజీవశాస్త్ర, అణుజీవశాస్త్ర కేంద్రం, తార్నాకకు సమీపంలోని హబ్సిగూడలో ఉన్నది. వెంట్రుక, మాంసపు ముక్క వంటి స్వల్పమైన నమూనాలోని డీఎన్‌ఏ ద్వారా అది ఏ జాతి జంతువుదో నిర్ధారించే పద్ధతిని ఇక్కడి శాస్త్రవేత్తలు రూపొందించారు. దొంగవేటగాళ్లపై మోపిన కేసులలో ఇటువంటి పరీక్షలు సాక్ష్యంగా ఉపయోగపడతాయి. లాల్జీ సింగ్ చొరవతో ఏర్పడిన ‘లాకోన్స్’ అనే అనుబంధ ప్రయోగశాల అంతరించిపోతున్న జాతుల రక్షణకు కృషి చేస్తున్నది. ఆ శాస్త్రవేత్తల సహకారంతో హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో పెంచిన మూషిక జింకలను 2017లో తెలంగాణ అడవులలో విడిచిపెట్టారు.

నదిని ప్రేమించేవారు దాని కోపాన్ని కూడా తెలుసుకోవాలి. 2019 సెప్టెంబరు 15న వరద ఉధృతంగా ఉన్న వేళ కచ్చులూరు వద్ద విహార పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఇరుకు లోయలో వరదనీటికి సుడులు ఎక్కువ. కాలాన్ని గుర్తించడం, తేలే జాకెట్టు ధరించడం, పరిమితికి మించి ఎక్కకపోవడం అక్కడ ప్రాణరక్షణకు సంబంధించిన నియమాలు.

ఈ లోయ రూపం కూడా మారుతున్నది. పోలవరం ప్రాజెక్టుకు 2014లో జాతీయ హోదా లభించినది. ముంపు ప్రాంతపు మండలాలు అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 45.72 మీటర్ల పూర్తి మట్టానికి నీరు నిలిపితే ఒడ్డున ఉన్న అనేక గ్రామాలు, వాటితో కొంత అడవి జలమయమవుతాయి. ఈ నీరు పొలాలకు, పట్టణాలకు అవసరమైనదే. అయితే అడవి, నీరు కలిసే అంచే జంతువులు దాహం తీర్చుకొనే చోటు. కొండరెడ్లు పోడు వ్యవసాయం చేసి, జీలుగు కల్లు గీసి, కరవుకాలంలో మామిడి టెంకలోని జీడితో జావ కాచుకొని తరతరాలుగా బతికిన నేల అది. పునరావాస కాలనీలో ఇల్లు దొరకవచ్చు. ఏ వాగు పక్కన ఏ దుంప దొరుకుతుందో, ఏ చెట్టుపై ఏ పక్షి గూడు పెడుతుందో తెలిసిన జ్ఞానానికి అక్కడ పని ఉండదు. వాడని జ్ఞానం ఒక్క తరంలోనే మరుగున పడిపోతుంది.

అందువల్ల నీరు నిండకముందే చూడవలసినది చూడాలి, రాయవలసినది రాయాలి. హైమన్‌డార్ఫ్ 1941లో రాసి ఉంచినందువల్లనే ఆనాటి కొండరెడ్ల జీవితాన్ని నేడు మనం తెలుసుకోగలుగుతున్నాము. నేటి ఒడ్డును గురించి రేపటివారికి చెప్పవలసిన బాధ్యత నేటి విద్యార్థులది. అందుకు ఒక నోటుపుస్తకం, నిశ్శబ్దంగా గమనించే ఓర్పు, అడవిలో పుట్టి పెరిగినవారి మాటను గౌరవంతో వినే మనసు ఉంటే చాలు. ఆ అభ్యాసాన్ని తమ కళాశాల ఆవరణలోని చెట్టు దగ్గరే మొదలుపెట్టవచ్చు.