కల్లంలో తడిసిన వడ్లు ఎవరి ఖాతాలో?

ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి మెదక్ జిల్లా రామాయంపేట చుట్టూ ఖాళీ జాగా అన్నది కనిపించదు. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన సర్వీసు రోడ్డు, ఊళ్లలోకి తిరిగే సీసీ రోడ్లు, బడి ముందరి మైదానం, గుడి పక్క స్థలం, అన్నిటి మీదా వడ్లే. పొద్దున పలుచగా పరుస్తారు, మధ్యాహ్నం కాళ్లతో తిరగేస్తారు, సాయంత్రం కుప్ప చేసి పరదా కప్పుతారు. యాసంగి కోతల కాలమంతా ఇదే పని. మూడు గంటలు దాటితే మాత్రం చేతులు వడ్ల మీద, కళ్లు మబ్బు మీద.

ముందు గాలి లేస్తుంది. దుమ్ముతో ఎదుటి మనిషి కనిపించడు. తర్వాత చినుకులు, ఆ వెంటనే రాళ్లు. అరగంటలో అంతా అయిపోయి, తెరిపిచ్చిన ఆకాశం కింద చల్లటి గాలి వీస్తుంది. హైదరాబాద్‌లో ఇదే వానకు జనం హమ్మయ్య అనుకుంటారు. ఇక్కడ మాత్రం అసలు కష్టం వాన వెలిసినంకనే మొదలవుతుంది. అది నెలల తరబడి నడుస్తుంది.

గాలి ఎక్కడి నుంచి వస్తుంది

మార్చి నుంచి మే దాకా దక్కను పీఠభూమి కాగిపోతుంది. విదర్భ వైపు నుంచి తెలంగాణ, కర్ణాటకల మీదుగా దక్షిణానికి ద్రోణి ఏర్పడుతుంది. బంగాళాఖాతం తేమగాలి, వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి అక్కడ ఎదురవుతాయి. వేడికి లేచిన తేమ పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాకా, ఒక్కోసారి ఇంకా పైకి, క్యుములోనింబస్ మేఘమై పెరుగుతుంది. పైన గడ్డకట్టే చలి. మేఘం లోపలి గాలి నీటి బొట్లను పైకి తోసిన కొద్దీ పొర మీద పొర మంచు పట్టి రాయి తయారవుతుంది. వానతోపాటు చల్లబడిన గాలి బరువెక్కి ఒక్క ఊపున నేలకు దిగి నలుదిక్కులా చిమ్ముతుంది. రేకులు లేచిపోయేది, చెట్లు విరిగేది ఆ గాలికే.

ఇది టోర్నడో కాదు. టోర్నడోలో గాలి గిర్రున తిరుగుతూ ఒక దారి పట్టుకుని పోతుంది. మన దగ్గర అలాంటిది అరుదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో యాభై వేలకు పైగా చెట్లు ఒక్క సాయంత్రం నేలకూలినప్పుడు అది టోర్నడోయేనా అన్న చర్చ జరిగింది. శాటిలైట్ చిత్రాలు తెప్పించారు, శాస్త్రవేత్తల సాయం అడిగారు. మెదక్ పల్లెల మీద పడే వేసవి గాలివానకు అంత పేరు లేదు. ప్రతి ఏడూ వచ్చేదాన్ని ఎవరూ వింతగా చూడరు.

దీనికి ఇంకో గుణం ఉంది. ఒక ఊరికి కొట్టి పక్క ఊరిని వదిలేస్తుంది. ఒకే ఊళ్లో చెరువు కింది మడి నేలమట్టమైతే, గుట్ట పక్క మడి నిక్షేపంగా ఉంటుంది. మండలంలో సగటున ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చూస్తే ఏమీ తెలియదు. పొలం పొలం తిరిగి చూడాల్సిందే.

నిలబడ్డ పైరు, రాలిన గింజ

పాలు పోసుకునే దశలో గాలి కొడితే వరి పడిపోతుంది, తాలు ఎక్కువవుతుంది. కోతకు వచ్చినంక రాళ్లు పడితే సంగతి వేరు. దూరం నుంచి చూస్తే పొలం బాగానే ఉన్నట్టుంటుంది. దగ్గరికి పోయి ఒక గొలుసు పట్టుకుంటే చేతికి ఉత్త ఈనె మిగులుతుంది. గింజంతా కింద బురదలో ఉంటుంది. దాన్ని ఎత్తే మిషన్ లేదు. పడిపోయిన వరి కోయాలంటే టైర్ల హార్వెస్టర్ దిగబడుతుంది, చైన్ మిషన్ తేవాలి. దానికి గంట కిరాయి ఎక్కువ, పడిన పైరుకు పట్టే గంటలూ ఎక్కువే. అంటే పంట తగ్గిన ఏడే కోత ఖర్చు పెరుగుతుంది. లెక్క కుదరక కొందరు పొలాన్ని పశువులకు వదిలేస్తారు.

మక్కజొన్న కర్ర విరిగితే ఇక లేవదు. మామిడికైతే రాయి తగలక్కర్లేదు, గాలి చాలు. రాలిన కాయకు మార్కెట్లో పచ్చడి ధర కూడా పలకదు. మరో నెల రోజులు చెట్టు మీద ఉంటే దొరికే ధరతో పోలిస్తే అది దండగే.

నష్టం ఎలా కొలుస్తారు

గాలివాన మర్నాడు వ్యవసాయ విస్తరణ అధికారి ఊళ్లోకి వస్తారు. పేరు, పట్టాదారు పాసుపుస్తకం నంబరు, ఎకరాలు రాసుకుంటారు, ఫొటో తీస్తారు. అక్కడ అసలు ప్రశ్న ఒకటే: నష్టం 33 శాతం దాటిందా? 2015కు ముందు ఈ గీత 50 శాతం దగ్గర ఉండేది. ఆ ఏడాది ఉత్తరాదిన వడగండ్లు పడి రబీ పంట దెబ్బతిన్నాక కేంద్రం దాన్ని మూడో వంతుకు దించింది. అయినా 30 శాతం పోయిన రైతుకు దక్కేది సున్నా. మూడు పుట్ల పంటలో ఒక పుట్టికి కాస్త తక్కువ పోతే పోనట్టే.

గీత దాటితే ఎంత? విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం సాగునీటి కింద పంటకు హెక్టారుకు 17 వేలు, అంటే ఎకరాకు 6,800 రూపాయలు. వర్షాధార పంటకు అందులో సగం. పెట్టుబడిలో ఇది ఏ మూలకూ రాదు. 2023 మార్చిలో వడగండ్లు రాష్ట్రమంతా దెబ్బతీసి, దాదాపు 2.28 లక్షల ఎకరాలు పోయినప్పుడు, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పొలాల్లో తిరిగి ఎకరాకు 10 వేలు ప్రకటించారు. అప్పటి నుంచి ఆ పది వేలే కొలమానమైంది. 2024 మార్చి వడగండ్లకు పది జిల్లాల్లో 15,814 ఎకరాలు దెబ్బతిన్నట్టు తేల్చారు. అందులో పెద్ద భాగం రామాయంపేట దాటగానే వచ్చే కామారెడ్డి జిల్లాదే. లోక్‌సభ ఎన్నికల కోడ్ ఉండటంతో ఎన్నికల సంఘం అనుమతి తెచ్చుకుని, మే నెలలో రూ.15.81 కోట్లు విడుదల చేశారు.

డబ్బు వచ్చింది, మంచిదే. అయితే అది పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాలో పడుతుంది. కౌలుకు చేసినవాడు భూమి యజమాని దగ్గరికి పోయి అడగాలి. యజమాని హైదరాబాద్‌లోనో, దుబాయ్‌లోనో ఉంటే ఫోన్ చేయాలి. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చే ఏడు ఆ భూమి మళ్లీ కౌలుకు కావాలి కాబట్టి గట్టిగా అడగనూ లేడు.

కోసినంక ఏమవుతుంది

ఈ నిబంధనలన్నీ పొలంలో ఉన్న పంటకు. కోసి, కొనుగోలు కేంద్రానికి తెచ్చి, కాంటా కోసం ఎదురుచూస్తున్న వడ్లు తడిస్తే? అవి పంట నష్టం కింద రావు, ఎందుకంటే పంట చేతికొచ్చేసింది. సర్కారు ధాన్యం కిందా రావు, ఎందుకంటే ఇంకా కొనలేదు. రామాయంపేట రైతు ఎక్కువగా దెబ్బతినేది సరిగ్గా ఈ సందులోనే.

కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉండాలి. అక్కడ చేతిలో పట్టే మీటరు ఉంటుంది, గింజలు వేసి నొక్కితే అంకె చూపిస్తుంది. పొద్దున్నే పలకరింపు కూడా 'మాయిశ్చర్ వచ్చిందా' అనే. ఇరవై రెండు నుంచి పదిహేడుకు దిగడానికి మంచి ఎండ కావాలి. తీరా దిగాక గన్నీ సంచులు ఉండవు. సంచులు వస్తే హమాలీలు దొరకరు. నింపి కుట్టాక లారీ రాదు. మిల్లులో దించుకునే జాగా లేక లారీలు బయట క్యూలో ఉంటాయి. ఇలా ఆగిన ప్రతి రోజూ మబ్బుకు ఇచ్చిన గడువే.

పరదా పైనుంచి పడే వానను ఆపుతుంది. కింది నుంచి పారే నీళ్లను ఆపలేదు. వాలున్న నేల మీద కుప్ప పోస్తే, నీళ్లు ఒక పక్క నుంచి దూరి అడుగున కాలువ కోసుకుంటూ పోతాయి. కవరు ఎత్తి చూస్తే పైన ఒక మూరెడు పొడి వడ్లు, కింద ముద్ద. మోరీలోకి కొట్టుకుపోయినవాటిని ఆడవాళ్లు చీపుర్లతో దగ్గరికి చేర్చి తట్టలతో ఎత్తుతారు. ఆ రాత్రే కుప్ప లోపల వేడి పుడుతుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది. పులిసిన వాసన వస్తుంది. మరో రెండు మూడు రోజులు ఎండ రాకపోతే గింజ కొసన తెల్లటి మొలక. ఇంట్లో అందరూ వచ్చి, అంతా విప్పి, పరిచి, తిరగేసి, మళ్లీ ఆరబెట్టాలి. ఆ కూలి ఎవరూ లెక్కగట్టరు.

ఆరినా రంగు మారుతుంది. చెడిన, మొలకెత్తిన, రంగు మారిన గింజలు కలిపి నూటికి అయిదు దాటకూడదని నాణ్యతా ప్రమాణం. అది దాటిందన్న పేరుతో మిల్లు దగ్గర సంచికి ఇంత తరుగు అంటారు. యాసంగి వడ్లు అసలే ఎండలకు పగుళ్లిస్తాయి, మరపడితే నూక ఎక్కువ అవుతుంది. అందుకే ఈ ప్రాంతంలో వాటిని ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. తడిసి ఆరిన వడ్లు మరింత విరుగుతాయి. మిల్లరుకు తన నష్టం దింపుకోవడానికి తరుగు ఉంది. రైతుకు దింపుకునే చోటు లేదు. తడిసిన ధాన్యమూ కొంటామని ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. కొంటారు కూడా. ఎంత కోసి కొంటారన్నదే ప్రశ్న.

ఈ సందుకు బీమాలో ఒక జవాబు ఉండేది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో, కోసి పొలంలో ఆరబెట్టిన పంట పద్నాలుగు రోజుల్లోపు వడగండ్లకో అకాల వర్షానికో దెబ్బతింటే, 72 గంటల్లో తెలియజేస్తే పరిహారం ఇవ్వాలన్న నియమం ఉంది. తెలంగాణ 2020లో ఆ పథకం నుంచి బయటికొచ్చింది. ప్రీమియం భారం ఎక్కువ, రైతుకు అందేది తక్కువ అన్నది అప్పటి వాదన. తిరిగి చేరుతామని 2024లో కొత్త ప్రభుత్వం ప్రకటించింది. చేరినా, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఆ నియమంలోని 'పొలం' కిందికి రావు.

రేకులు, స్తంభాలు, పిడుగులు

గాలికి లేచిపోయిన ఇంటి రేకులకు కూడా నిబంధన ఉంది. కచ్చా ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే 4 వేలు, పక్కా ఇంటికి 6,500. రేకులు, ఇనుప పైపులు, మేస్త్రీ కూలి కలిపి చూసుకుంటే ఇది రవాణా ఖర్చుకు సరి. కోళ్ల షెడ్ల సంగతి మరీ ఘోరం. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లా ఇంద్రకల్‌లో గాలివానకు కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. ఆ ఒక్క సాయంత్రమే రాష్ట్రంలో పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి.

స్తంభాలు విరిగితే చీకటి ఒక్కటే కాదు బాధ. రామాయంపేట మండలంలో యాసంగి చాలా వరకు బోర్ల మీద ఆధారం. ఆలస్యంగా నాటిన మడికి ఇంకో రెండు తడులు కావాల్సి ఉన్నప్పుడే కరెంటు పోతుంది. ముందు ఊరి లైను, తర్వాతే పొలాల లైను. అందాకా పగుళ్లు పట్టే మడిని చూస్తూ కూర్చోవాలి.

పిడుగులకు దేశంలో 2022లో 2,887 మంది బలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది పొలాల్లో, పశువుల వెంట, చెట్ల కింద ఉన్నవారే. భూమి పేరు మీదున్న రైతు కుటుంబానికి రైతుబీమా అయిదు లక్షలు వస్తాయి, వయసు 59 దాటకపోతే. కూలికి పోయిన మనిషికి, గొర్ల కాపరికి ఆ బీమా లేదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన 'దామిని' యాప్ పిడుగు గురించి ముందే హెచ్చరిస్తుంది. వడ్లు తిరగేస్తున్న మనిషికి ఆ హెచ్చరిక అందినా, పరదా కప్పకుండా పరిగెత్తమంటే పరిగెత్తడు.

నెల ముందు కోస్తే

నిపుణులు చెప్పే మందు ఒకటుంది. డిసెంబరు నెలాఖరుకు నాట్లు ముగిస్తే మార్చి చివరికల్లా కోతలు అయిపోతాయి, గాలివానలు తప్పించుకోవచ్చు. బోధన్ వైపు రైతులు అలాగే చేస్తున్నారు. 2023 దెబ్బ తర్వాత ప్రభుత్వమూ పంట కాలాన్ని ముందుకు జరపాలని ఆలోచించింది. మాట నిజమే. అయితే కాలువ నీళ్లున్న చోటికీ బోరు మీద బతికే చోటికీ తేడా ఉంది. ఇక్కడ చెరువు నిండేదాకా వానాకాలం నాటు పడదు. అది ఆలస్యమైతే కోత ఆలస్యం, దాని వెనక యాసంగి ఆలస్యం. డిసెంబరు చలికి నారు ఎదగదు. పంట కాలం మారాలంటే ముందు నీళ్ల భరోసా మారాలి.

ఇంకో మందు ఆరబోసుకునే సిమెంటు కల్లం. ఉపాధి హామీ డబ్బుతో రాష్ట్రం వేల సంఖ్యలో కల్లాలు కట్టించింది. అది పథకం నిబంధనలకు విరుద్ధమంటూ కేంద్రం రూ.151 కోట్లు తిరిగి కట్టమంది. 2022 డిసెంబరులో దాని మీద ధర్నాలు జరిగాయి. చేపలు ఎండబెట్టుకునే దిమ్మెలకు ఒప్పుకున్న పథకం వడ్లకు ఎందుకు ఒప్పుకోదన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. రైతు మళ్లీ రోడ్డెక్కాడు.

కనిపించే విపత్తు, కనిపించనిది

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మెదక్, కామారెడ్డి జిల్లాలను కుండపోత ముంచెత్తినప్పుడు రామాయంపేట పేరు దేశమంతా వినిపించింది. నీళ్లు చుట్టుముట్టిన కాలేజీ హాస్టల్ నుంచి ఆడపిల్లలను సహాయక బృందాలు బయటికి తెచ్చాయి. రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. యంత్రాంగమంతా కదిలింది, కదలాల్సిందే. వేసవి గాలివానకు ఆ భాగ్యం లేదు. దాని నష్టం పదిమందికి పది ఎకరాలు, ఇద్దరికి రేకులు, ఒకరికి బర్రె అన్నట్టు చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. అన్నీ కలిపి చూసేవారు లేరు.

కలిపి చూడటం పెద్ద పని కూడా కాదు. కొనుగోలు కేంద్రానికి వడ్లు వచ్చిన రోజు రైతు పేరు, సంచుల అంచనా రాసుకుని వరుస నంబరు ఇస్తారు. ఆ రోజు నుంచి ఆ కుప్ప బాధ్యతలో సర్కారుకూ వాటా ఉందని ఒక్క ఉత్తర్వు రాస్తే చాలు. వరుస నంబరు ఇచ్చాక కాంటా ఆలస్యమై తడిసిందంటే, ఆ తరుగు రైతు సంచిలో నుంచి కాకుండా ఆలస్యం చేసినవారి ఖాతాలో నుంచి పోవాలి. అప్పుడు గన్నీ సంచులు ముందే వస్తాయి, లారీలు వేళకు కదులుతాయి, మిల్లుల్లో జాగా దొరుకుతుంది. వానను ఎవరూ ఆపలేరు. ఆ వడ్లు వానదాకా రోడ్డు మీద ఎందుకున్నాయో చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఎవరో ఒకరి మీద పెట్టొచ్చు.