తొమ్మిది పేర్లు ఏమయ్యాయి?

ఒక ఫైలులో పది కంప్యూటర్ల పేర్లు వరుసకొకటి చొప్పున ఉన్నాయనుకోండి. ఒక్కొక్క పేరే చదివి, ఆ కంప్యూటరులోని సమాచారానికి నకలు తీసే షెల్ స్క్రిప్టు రాశాం. స్క్రిప్టు నడిచింది. తప్పు జరిగినట్టు తెరమీద ఒక్క మాటా పడలేదు. కాని నకలు తయారైంది మొదటి కంప్యూటరుకే! మిగతావాటిలో ఏది చెడినా దానిలోని సమాచారం పోయినట్టే. మరి ఆ తొమ్మిది పేర్లు ఏమయ్యాయి?

ముందు షెల్ అంటే ఏమిటో చూద్దాం. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ వ్యవస్థకు రూపకల్పన మొదలుపెట్టారు. అందులో మనం టైపు చేసే ఆజ్ఞలను అందుకొని నడిపించే ప్రోగ్రామే షెల్. ఆజ్ఞలను వరసగా ఫైలులో రాసిపెడితే అది షెల్ స్క్రిప్టు. నేటి లినక్సుదీ ఇదే పద్ధతి.

యూనిక్సులో ప్రతి ప్రోగ్రాముకూ మామూలుగా మూడు ద్వారాలు తెరిచి ఉంటాయి. 0 గుండా సమాచారం లోపలికి వస్తుంది. 1 గుండా ఫలితం బయటికి పోతుంది. తప్పులను తెలిపే సందేశాలు 2 గుండా పోతాయి. ఈ అంకెలనే ఫైల్ డిస్క్రిప్టర్లు అంటారు.

మన స్క్రిప్టులోని 'వైల్' లూపులో 'రీడ్' అనే ఆజ్ఞ 0 ద్వారం నుంచి ఒక వరుస చదువుతుంది. పాఠం చదివేటప్పుడు మీరు వరుసమీద వేలు పెట్టుకుంటారు గదా! అలాగే ఎంతవరకు చదవడం అయిందో వ్యవస్థ ఒక గుర్తు ఉంచుకుంటుంది. రీడ్ ఆ వేలును ఒక్క వరుసే జరుపుతుంది. అయితే లూపులో నడిచే ఇతర ఆజ్ఞలకు కూడా అదే ద్వారం, అదే వేలు!

చిక్కంతా ఇక్కడే ఉంది. దూరపు కంప్యూటరుతో పని చేయించడానికి మనం వాడిన ప్రోగ్రాము ఎస్ఎస్‌హెచ్. అక్కడి ఆజ్ఞకు అవసరమవుతుందేమోనని అది 0 ద్వారంలో దొరికినదంతా చదివి అటు పంపేస్తుంది. మన తొమ్మిది పేర్లూ అలా వెళ్ళిపోయాయన్నమాట! వేలు ఫైలు చివరికి చేరింది. రీడ్‌కు చదవడానికేమీ మిగలలేదు. ఫైలు అయిపోవడం తప్పు కాదు గనుక లూపు నిశ్శబ్దంగా ఆగిపోయింది.

దీనికి ఉపాయం సులభం. జాబితాకు వేరే ద్వారం ఇవ్వాలి. లూపు చివర 'డన్ 3< జాబితా' అనీ, మొదట 'రీడ్ పేరు <&3' అనీ రాస్తే సరి (టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా!). ఎస్ఎస్‌హెచ్ 0 వైపే చూస్తుంది, 3 జోలికి పోదు. పది పేర్లూ క్షేమం.

లినక్సు కంప్యూటరు దొరికితే మీరే పరీక్షించండి. అయిదు వరుసల ఫైలును 0 ద్వారంనుంచే చదివే లూపులో, వరుసలను లెక్కించే 'డబ్ల్యూసీ -ఎల్' ఆజ్ఞ ఉంచండి. 4 అనే అంకె ఒక్కసారే కనిపిస్తుంది. తరువాత ఫైలును 3కు మార్చండి. ఈసారి ఆ ఆజ్ఞ మీ కీబోర్డు కోసం ఎదురుచూస్తూ ఆగుతుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు!